రెండో దెబ్బ మీద బరువు

మా ఆవిడ వాయించిన సంగీతాన్ని నేను గోడ ఇవతల నుంచి విన్నాను. విన్నానంటే స్వరాలు కాదు. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించేది. స్వరాలన్నీ ఆ తీగలోంచి ఆమె చెవుల్లోకే పోయేవి. నా గదిలోకి వచ్చింది పియానో మెట్ల చప్పుడు ఒక్కటే. ఎలక్ట్రిక్ పియానో మెట్టు కిందికి దిగినప్పుడు ఒక మొద్దు చప్పుడు చేస్తుంది, పైకి లేచినప్పుడు అంతకంటే చిన్నది ఇంకొకటి. చెక్క బల్ల మీద ఎవరో వేలి కణుపులతో కొడుతున్నట్టు ఉంటుంది.

మా ఫ్లాటు పుప్పాలగూడలో. ఆఫీసు నానక్‌రామ్‌గూడలో, బాల్కనీలోంచి దాని పై అంతస్తులు కనిపిస్తాయి. అయినా వారంలో ఎక్కువ రోజులు ఇంట్లోంచే పని. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వివరించే పత్రాలు రాయడం నా ఉద్యోగం. ఏది నొక్కితే ఏమవుతుంది, ఏది నొక్కకూడదు, అంతే. కొత్తగా చేరినవాళ్ళు ‘ఎంతో సులభంగా’, ‘కళ్ళు చెదిరే వేగంతో’ అని రాసుకొస్తారు. నేను కొట్టేస్తాను. చాలాకాలం ఆ పని చేయడం వల్ల ఇంట్లో కూడా నాకు ఎక్కువ మాటలు గిట్టేవి కావు. ఎవరైనా శుభలేఖ ఇచ్చి వెళ్తే మా ఆవిడ దాన్ని నా చేతికిస్తూ, “ముందు చదవండి, తర్వాత దిద్దుదురుగాని” అనేది.

ఆమె ప్రభుత్వ బ్యాంకులో పనిచేసి ముందుగానే ఉద్యోగం మానేసింది. మానేసిన కొన్నాళ్ళకు పియానో నేర్చుకుంటానంది. కోస్తాలో పెరిగిన మనిషి, చిన్నప్పుడు నేర్చుకున్నది వర్ణాల దాకా వచ్చి ఆగిపోయిన కర్ణాటక సంగీతం. మళ్ళీ అదే నేర్చుకోవచ్చుగా అన్నాను. “అది రాదని నాకు తెలుసండీ. ఇది రాదని ఇంకా తెలీదుగా” అంది.

చందానగర్‌లో మార్కెట్ పక్క వీధిలో, ఒక బట్టల దుకాణం పైన అద్దె గదిలో పాఠాలు చెప్పే అమ్మాయి దగ్గర చేరింది. టీచరుకు ముప్పై దాటి ఉండవు. శిష్యుల్లో ఎక్కువమంది స్కూలు పిల్లలు. పెద్దవాళ్ళు ఇద్దరే. ఒకరు మా ఆవిడ, ఇంకొకరు మా పక్క బ్లాకులో ఉండే రాయలసీమ ఆవిడ, భర్తది ప్లాట్ల వ్యాపారం. ఆవిడే కారు నడిపేది. ఇద్దరూ కలిసి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు మార్కెట్లో కూరలు తెచ్చేవాళ్ళు.

పిల్లల పాటలూ సరళీ స్వరాల్లాంటి అభ్యాసాలూ అయ్యాక టీచరు ఆమెకు ఒక సారబాండ్ ఇచ్చింది. మూడు వందల ఏళ్ళ కిందట, బరోక్ కాలమని వాళ్ళు చెప్పే రోజుల్లో, ఒక జర్మన్ స్వరకర్త రాసిన చిన్న ముక్క. కాగితం మీద రెండు పేజీలు కూడా లేదు. మా ఆవిడకు అది కొన్ని నెలలు పట్టింది. తర్వాత దాన్ని వదల్లేదు.

“ఇది డాన్స్ అటండీ, నమ్ముతారా?” అంది ఒకరోజు అన్నం వడ్డిస్తూ.

“నువ్వు వాయించే వేగానికి ఎవరు ఆడతారు?”

“మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు.”

ఇంకోరోజు నేనే అడిగాను. “ప్రతి వరసలోనూ రెండు కొట్టి ఆగిపోతావెందుకు? అక్కడేమైనా కష్టంగా ఉందా?”

ఆమె ముఖం వెలిగింది. నేను ఆ చప్పుళ్ళు పట్టించుకుంటానని అనుకోలేదేమో. “ఆగడం కాదండీ. మూడు దెబ్బల తాళం. మనకి బరువు మొదటి దెబ్బ మీద పడుతుంది కదా, ఇందులో రెండో దాని మీద పడుతుంది. మొదటిది ఊరికే అడుగు వెయ్యడం. రెండో దాని మీద నిలబడాలి. మూడోది వచ్చీరాకుండా పోతుంది.” చేతిలో గరిటె ఉండగానే గాలిలో కొట్టి చూపించింది.

నేను తలూపాను. ఫోన్ మోగింది. లేచి వెళ్ళాను.

హెడ్‌ఫోన్ పెట్టుకోమని నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాకుండా ఆమే పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో ఇద్దరికీ తెలుసు.

మంగళవారాలు మధ్యాహ్నం నాకు ఒక కాల్ ఉంటుంది. మా పత్రాలను సరిచూసే పెద్దాయన అవతలి దేశంలో ఉంటాడు. మిగతావాళ్ళు ఆలస్యంగా వస్తారు కాబట్టి మొదటి ఐదు నిమిషాలూ మేమిద్దరమే. ఒకసారి ఆయన నా మాట ఆపి, మీ దగ్గర ఎవరైనా సుత్తితో కొడుతున్నారా అని అడిగాడు.

ఆ క్షణంలో నేను చెప్పాల్సింది చాలా చిన్న మాట. మా ఆవిడ పియానో నేర్చుకుంటోంది. అంతే. కానీ పని వేళల్లో ఇంట్లో పియానో అంటే ఎలా ఉంటుందో అనిపించింది. యాభై దాటిన మనిషి నేర్చుకోవడం ఏమిటని అడుగుతాడేమో అనిపించింది. “పక్క ఫ్లాటులో వడ్రంగి పని జరుగుతోంది, క్షమించండి” అన్నాను.

కాల్ అయ్యాక ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. మంచినీళ్ళకు లేచినట్టుంది, హెడ్‌ఫోన్ మెడలో వేలాడుతోంది.

“నేను వడ్రంగినా?”

“అది కాదు, ఆయనకి వివరంగా చెప్పేంత సమయం...”

“సరేలెండి. ఏం చేయిస్తున్నారు మరి, అల్మారాలా, డైనింగ్ టేబులా?” నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె గది తలుపు వేసుకుంది. అంతకుముందు తెరిచి ఉండేది.

ఆ రోజే కాల్ సెట్టింగుల్లో వెనక వినిపించే చప్పుళ్ళను తీసేసే మీట వెతికి వేశాను. అది వేస్తే మనిషి గొంతు తప్ప ఇంకేదీ అవతలికి పోదు. కుక్క అరిచినా, కుక్కర్ కూత పెట్టినా తీసేస్తుంది. ఆ పెద్దాయనకు మళ్ళీ ఎప్పుడూ ఆ చప్పుడు వినిపించలేదు. కానీ ఆయనకు అది వేళాకోళం అయింది. కాల్ మొదలవగానే, వడ్రంగి ఎలా ఉన్నాడు అని అడిగేవాడు. “నెమ్మది మనిషి, ఇంకా పూర్తి కాలేదు” అనేవాణ్ణి. మనుషులు దూరంగా ఉన్నప్పుడు ఇలాంటి ఒక చిన్న ముచ్చట పనికొస్తుంది. మాకు అది పనికొచ్చింది.

తర్వాత ఆమెకు జబ్బు చేసింది. ఆ వివరాలు ఇక్కడ రాయను. మందుల వల్ల వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. “గుడ్డ చుట్టినట్టుందండీ” అనేది. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయేది. దుద్దుల శీల తిప్పుకోలేకపోయేది. ఆస్పత్రికి వెళ్ళే రోజు పొద్దున్నే మంచం అంచున కూర్చుని చెవి నా వైపు తిప్పేది. నేను శీల బిగించేవాణ్ణి. అంత చిన్న వస్తువును తిప్పడానికి రెండు వేళ్ళూ ఎంత కచ్చితంగా కదలాలో అప్పుడే నాకు తెలిసింది.

పాఠాలకు మాత్రం ఓపిక ఉన్న వారం వెళ్ళేది. పక్క బ్లాకు ఆవిడ మా లిఫ్టు దాకా వచ్చి తీసుకెళ్ళేది. ఇంట్లో ఉన్నప్పుడు, మునుపటికన్నా నెమ్మదిగా, ఆ చప్పుడు వినిపించేది. ఆమె ఆస్పత్రిలో చేరిన వారం కూడా నేను మంగళవారం కాల్‌లో ఉన్నాను. లాప్‌టాప్ పట్టుకుని ఆస్పత్రి కాంటీన్‌లో కూర్చున్నాను. “వడ్రంగి ఏడీ?” అన్నాడు పెద్దాయన. “సెలవు మీద ఉన్నాడు” అన్నాను.

ఈ మాట నాకు రోజూ గుర్తొస్తుంది.

ఆమె పోయింది. నేను సెలవు పెట్టి, మళ్ళీ పనిలో చేరాను. ఆ పెద్దాయన సంతాపం తెలుపుతూ నాలుగు మంచి మాటలు చెప్పాడు. వడ్రంగిని గురించి అడగడం మానేశాడు. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఆయనకు తెలియదు.

కొన్ని నెలల తర్వాత టీచరు ఫోన్ చేసింది.

“అంకుల్, నమస్తే. బాగున్నరా? ఆదివారం మా పిల్లల ప్రోగ్రాం పెట్టినం, మీ క్లబ్‌హౌస్‌లనే. అక్క బుక్ చేయించింది.” అక్క అంటే పక్క బ్లాకు ఆవిడ. “ఆంటీ సారబాండ్ ఉంది గదా, అది నేను వాయిస్త. దానికి ముందు మీరు జర రెండు ముక్కలు చెప్పాలె. ఆంటీ ఇంట్ల ఎట్ల ప్రాక్టీస్ చేస్తుండె, గిట్ల.”

చెప్తానన్నాను. చెప్పలేనంటే ఎందుకో చెప్పాల్సి వచ్చేది. మీరు నేర్పిన ముక్క నేనెప్పుడూ వినలేదమ్మా అనాల్సి వచ్చేది.

పియానో స్టాండు మీద ఆ నొటేషన్ అలాగే ఉంది. నాకు దాన్ని చదవడం రాదు. కానీ పత్రం చేతికొస్తే అర్థం చేసుకోవడం నా పని. కొన్ని స్వరాల నెత్తిన అలల్లాంటి చిన్న గీతలున్నాయి. అవేమిటో ఇంటర్నెట్‌లో వెతికాను. అవి అలంకారాలు. ఒకదానికొకటి పక్కనున్న రెండు స్వరాలను రెండు వేళ్ళతో వేగంగా మార్చి మార్చి కొట్టడాన్ని ట్రిల్ అంటారు. మన గమకం వంటిదే అనుకోవచ్చు, కాకపోతే ఇక్కడ స్వరం వంగదు, విడివిడి మెట్ల మీదే వణుకుతుంది. ఈ ముక్కలో రెండు సగాలుంటాయి. ఒక్కొక్క సగాన్ని రెండుసార్లు వాయిస్తారు. రెండోసారి వాయించేటప్పుడు ఇంకొన్ని అలంకారాలు కలపడం ఆ కాలపు ఆచారం. ఇదంతా చదివి గుర్తుపెట్టుకున్నాను.

పేరున్నవాళ్ళు వాయించిన రికార్డింగులు కూడా విన్నాను. అన్నిట్లోనూ ఆ వణుకులు దట్టంగా ఉన్నాయి. ఒకాయన రెండోసారి వాయించేటప్పుడు అసలు పాట ఎక్కడుందో పోల్చుకోలేకపోయాను. నగలన్నీ ఒకేసారి పెట్టుకున్న మనిషిలా ఉంది. నాకు నచ్చలేదు. మా ఆవిడ గదిలోంచి వచ్చిన చప్పుడుకూ దీనికీ పోలిక కూడా తోచలేదు. అయినా కాగితం మీద గుర్తులున్నాయి. ఉన్నాయి కాబట్టి ఆమె వాయించింది అనుకున్నాను.

పత్రంలో ఉన్నది ఒకటి, మనుషులు వాడేది ఇంకొకటి. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు మా ఆఫీసులో లేరు. కొత్తవాళ్ళకు మొదటి వారంలో నేను చెప్పే మాటే అది. రాసే ముందు పక్కన కూర్చుని చూడండి, ఎలా వాడుతున్నారో అడగండి అంటాను.

శనివారం కూర్చుని రాసుకున్నాను. ‘చివరి నెలల్లో కూడా, పక్క గదిలో నేను పని చేసుకుంటూ ఉంటే, ఆమె వేళ్ళ కింద ఆ ట్రిల్స్ ముత్యాల్లా దొర్లేవి.’ చదువుకుని ‘ముత్యాల్లా దొర్లేవి’ కొట్టేసి ‘స్పష్టంగా వినిపించేవి’ అని రాశాను. అలంకారం తీసేశాను కాబట్టి వాక్యం నిజాయితీగా ఉందనిపించింది.

ఆదివారం పదకొండుకు క్లబ్‌హౌస్ నిండింది. ముందు వరసలో తాతలూ అమ్మమ్మలూ, వెనక గోడ పొడుగునా ఫోన్లు ఎత్తి పట్టుకున్న తండ్రులు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వాయించి, వంగి దణ్ణం పెట్టి పరుగెత్తారు. తర్వాత టీచరు నన్ను పిలిచింది.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను, కాబట్టి అందరూ నిశ్శబ్దంగా విన్నారు. ఆమె ఉద్యోగం మానేసి నేర్చుకోవడం చెప్పాను. మోకాళ్ళ నొప్పుల మాట చెప్తే నవ్వారు. సారబాండ్ అంటే ఏమిటో, బరోక్ కాలంలో అలంకారాలు ఎలా వాడేవారో చెప్పాను. ఆ తర్వాత ఆ వాక్యం. వేళ్ళ కింద ట్రిల్స్ స్పష్టంగా వినిపించేవని. అది చెప్తున్నప్పుడు నా గొంతు కొంచెం బొంగురుపోయింది. అది నటన కాదు. అందుకే ఇంకా సిగ్గుగా ఉంటుంది.

రెండో వరసలో పక్క బ్లాకు ఆవిడ కూర్చుని ఉంది. అప్పటిదాకా నా వైపే చూస్తున్నది, ఆ మాట దగ్గర తల దించుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సర్దుకోవడానికి అక్కడేమీ లేదు. పియానో దగ్గర నిలబడ్డ టీచరు ముఖంలో ఒక ప్రశ్న వచ్చి, వెంటనే పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వచ్చి కూర్చున్నాను.

టీచరు మైకు అందుకుంది. ఏదో చెప్పబోయి ఆగింది. “ఆంటీ ఎట్ల వాయిస్తుండెనో అట్లనే వాయిస్త” అని మాత్రం చెప్పి కూర్చుంది.

మొదటి దెబ్బ. రెండో దెబ్బ. తర్వాత ఖాళీ.

రికార్డింగుల్లో వణుకులతో నిండి ఉన్న చోటు ఇక్కడ ఖాళీగా ఉంది. రెండో దెబ్బ మీద కుడి చేతి స్వరం పడి, దాని మీద ఏమీ పెట్టకుండా అలాగే వదిలేస్తే, అది సన్నబడి, వినపడీ వినపడకుండా పోయింది. అది పూర్తిగా పోయాక మూడోది వచ్చింది. కింద ఎడమ చెయ్యి అడుగులో అడుగు వేస్తోంది. మొదటి సగం మెట్టు మెట్టుగా దిగి, ఇల్లు చేరకుండా గడప దగ్గర ఆగుతుంది. రెండో సగం అక్కడినుంచి పైకి ఎక్కుతుంది, ఎక్కడం ఇష్టం లేనట్టు ప్రతి రెండో దెబ్బ దగ్గరా నిలబడుతుంది, చివర్లో తిరిగొస్తుంది. దుఃఖంగా ఉందని కూడా అనలేను. ఏడ్చే మనిషి నడక కాదది. ఏదో బరువు మోస్తూ, దాన్ని ఎవరికీ చూపించకుండా నడిచేవాళ్ళ నడక.

నా కుడి చెయ్యి నా మోకాలి మీద కొడుతోందని కాసేపటికి గమనించాను. టీచరు వాయించాక కొట్టడం కాదు, ఆమెతోపాటే. కొన్నిచోట్ల ఆమెకంటే ముందు. స్వరాలు నాకు కొత్త. ఖాళీలు కొత్తవి కావు. అవన్నీ నేను కొన్నేళ్ళ పాటు, కాల్‌లో ఉన్నప్పుడూ, పత్రాలు దిద్దుతున్నప్పుడూ, వింటున్నానని తెలియకుండా విన్నాను. ఒక్కో సగాన్నీ రెండోసారి వాయించినప్పుడు కూడా టీచరు ఏమీ కలపలేదు.

అప్పుడు మంచం అంచు గుర్తొచ్చింది. నా వైపు తిప్పిన చెవి. దుద్దు శీల తిప్పుకోలేని వేళ్ళు ట్రిల్ ఎలా వాయిస్తాయి? శీల బిగించింది నేనే. ఆ వేళ్ళ సంగతి ఆ గదిలో అందరికన్నా ముందు తెలిసింది నాకే. అవే వేళ్ళతో ట్రిల్స్ వాయించిందని మైకులో చెప్పింది కూడా నేనే. అది అబద్ధమని తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు, ఇద్దరూ మర్యాదగా ఊరుకున్నారు.

తర్వాత చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. పక్క బ్లాకు ఆవిడ కప్పు తెచ్చి నా చేతికిచ్చింది. “బాగ చెప్పినారన్నా. అక్క వినింటే నవ్వుతా ఉండె” అంది. మా ఆవిడను ఆవిడ అక్కా అనే పిలిచేది. ఆవిడ నన్ను ఎగతాళి చేయడం లేదు. ఓదార్చడానికి అన్నది. కప్పు పట్టుకుని తల ఎత్తలేకపోయాను.

జనం పల్చబడ్డాక టీచరు దగ్గరికి వెళ్ళాను. ఆమె పియానో కరెంటు తీగలు చుట్టుకుంటోంది.

“ఆవిడ ట్రిల్స్ వాయించలేదు కదమ్మా.”

“లేదంకుల్.” తీగ చుట్టడం ఆపలేదు. “మొదట్ల నేర్పిన. కొంచెం వచ్చినయ్ గూడ. తర్వాత చేతులు అట్లయినయ్ గదా. ఇంకో పీస్ తీస్కుందాం ఆంటీ, పరేషాన్ గాకుండ్రి అన్న. వద్దమ్మా, గుర్తుల్ని కాగితం మీద ఉండనీ, నేను దాటేసి పోతా అన్నది.”

“నువ్వు అక్కడే చెప్పి ఉండాల్సింది.”

“మైకుల ఏం చెప్తం అంకుల్?” అప్పుడు నా వైపు చూసింది. “మీరు ఇంట్ల వినలేదా?”

“హెడ్‌ఫోన్ పెట్టుకునేది.”

“అవు, చెప్పింది. తీసి వాయించుండ్రి ఆంటీ, అంకుల్ గూడ వింటరు గదా అంటే, మా ఆయనకి మీటింగులుంటాయమ్మా అంటుండె.” మా ఆవిడ గొంతును ఆమె అచ్చంగా పట్టుకుంది. పట్టుకున్నందుకు తనే ఇబ్బంది పడి, మాట మార్చింది. “అసలు ఈ ఆర్నమెంట్లు ఎందుకు పెట్టిన్రంటే అంకుల్, ఆ కాలంల ఉన్న వాద్యం వేరే. తీగెను గోటితోని మీటినట్టు ఉంటది. సౌండ్ జల్ది చచ్చిపోతది. నోట్ పొడుగు ఉన్నకాడ దాన్ని బతికియ్యనీకి ట్రిల్ కొడ్తరు. ఊరికె సోకు కోసం గాదు.”

నేను జీవితమంతా అలంకారాన్ని అనుమానించాను. అది దేన్నైనా బతికించడానికి పెడతారని ఎప్పుడూ అనుకోలేదు.

“మరి ఆవిడ?”

“ఆంటీ పోనిచ్చేది. అది పోయేదాంక ఆగి, అప్పుడు తర్వాతది కొట్టేది. టీచర్‌గ నేను తప్పు అనాలె. కని నాకు అట్లనే మంచిగనిపించేది.”

పియానో మూత మీద వేళ్ళ కణుపులతో కొట్టాను, నాకు వచ్చినట్టు. ఒకటి, రెండు, ఖాళీ, మూడు. కొంతసేపు కొట్టాక ఆమె తీగ కింద పెట్టింది.

“ఆగుండ్రి. ఇది లాస్ట్ లైన్ గదా?”

“నాకు తెలీదమ్మా. ఇలా వినిపించేది.”

“మళ్ళ కొట్టుండ్రి.” కొట్టాను. ఆమె నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. “ఇక్కడ ఆంటీ ఉరుకుతుండె. అయిపోవస్తుందని తొందర. ఎన్నిసార్లు చెప్పినా వినకపోతుండె. మీరు గూడ గట్లనే ఉరుకుతున్నరు.”

మైకులో చెప్పడానికి నా దగ్గర ఒక నిజం ఉంది. గోడ అవతల నుంచి నాకు మెట్ల చప్పుడు వినిపించేదని, ఆమె నిలబడే చోట్లు నాకు తెలుసని. దాన్ని లెక్కలోకి రాని చప్పుడు అనుకుని, కాగితం చూసి ఇంకోటి రాసుకున్నాను.

ఆ సాయంత్రం అపార్ట్‌మెంట్ గ్రూపులో వీడియో పెట్టారు. కింద చేతులు జోడించిన బొమ్మలు, గుండె బొమ్మలు. ‘సార్ మాటలు కదిలించాయి’ అని ఒకరు. సవరణ టైపు చేశాను. నేను చెప్పింది నిజం కాదు, ఆమె ట్రిల్స్ వాయించలేదు, నేను వినలేదు. చదువుకుంటే ఇంకొంచెం మెప్పు అడుగుతున్నట్టుంది. చెరిపేశాను. మళ్ళీ రాసి మళ్ళీ చెరిపేశాను. మా పత్రాల్లో తప్పు దొర్లితే తర్వాతి సంచికలో ఒక వరస వేస్తాం. మొదటిది చదివినవాళ్ళు దాన్ని చదవరని మాకు తెలుసు. అయినా వేస్తాం. ఆ గ్రూపులో నేను అది కూడా చేయలేదు. వీడియో ఇప్పటికీ అక్కడే ఉంది. ఇది రాయడానికి అదొక కారణం.

ఆ మంగళవారం కాల్‌లో ఎప్పటిలాగే మొదట మేమిద్దరమే. పెద్దాయన వాతావరణం గురించి అడిగాడు. ఎండలు మొదలయ్యాయన్నాను. కాస్త ఆగి, మాట కోసం వెతుక్కుంటున్నట్టు, “చాలాకాలమైంది అడిగి. మీ వడ్రంగి పని పూర్తిచేశాడా?” అన్నాడు. నన్ను మామూలు మనిషిని చేయాలని అడిగాడు. అది నాకు అర్థమైంది. పూర్తయింది అంటే చాలు. ఆ మాట అబద్ధం కూడా కాదు.

“అక్కడ వడ్రంగి ఎవరూ లేరు” అన్నాను. “అది మా ఆవిడ. పియానో నేర్చుకునేది. హెడ్‌ఫోన్ పెట్టుకునేది కాబట్టి మీకు మెట్ల చప్పుడే వినపడింది. మీరు అడిగిన ప్రతిసారీ నేను ఇంకేదో చెప్పాను.”

తెర మీద ఆయన కళ్ళజోడు తీసి పట్టుకున్నాడు. నేను ఆయన్ని కూడా అందులోకి లాగాను. సెలవు మీద ఉన్నాడన్నప్పుడు ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది.

“ఏం వాయించేవారు?” అని అడిగాడు చివరికి.

ఒక సారబాండ్ అన్నాను. ఎలా ఉంటుందో చెప్పడానికి మాటలు వాడదలుచుకోలేదు. బల్ల మీద వేలి కణుపులతో కొట్టాను. ఒకటి, రెండు, ఖాళీ.

“మీ దగ్గర్నుంచి ఏమీ వినిపించడం లేదు” అన్నాడు.

మీట గుర్తొచ్చింది. ఆమె చప్పుడు అవతలికి పోకుండా నేను వేసిన మీట, వేసినప్పటి నుంచీ అలాగే ఉంది. సెట్టింగుల్లోకి వెళ్ళి తీసేశాను. బయట రోడ్డు మీద లారీలు, పై అంతస్తులో ఎవరో కుర్చీ జరపడం, అన్నీ ఒక్కసారిగా కాల్‌లోకి వచ్చి ఉంటాయి. మళ్ళీ మొదటినుంచి కొట్టాను.

“అవును” అన్నాడాయన. “ఇదే.”

మొదటి సగం మధ్యలో ఉండగా మిగతావాళ్ళు ఒక్కొక్కరే చేరారు. కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకతె, “ఎవరింట్లోనో పని జరుగుతున్నట్టుంది, మ్యూట్ చేసుకుంటారా?” అంది.

“నా దగ్గరే” అన్నాను. మ్యూట్ చేయలేదు. ఆ సగం అయ్యేదాకా కొట్టి, చెయ్యి తీశాను.